వేట విల్లుకి ఏ రెస్ట్ పెట్టుకోవాలి: బిస్కెట్టా, డ్రాప్ అవేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. లాగడానికి 60 పౌండ్ల బలం పట్టే కాంపౌండ్ విల్లు, అంటే చివర్లలో చక్రాలు, వాటి మధ్య కేబుళ్లు ఉండేది, కొత్తగా తీసుకున్నారు, నారి పూర్తిగా లాగినప్పటి కొలత (డ్రా లెంగ్త్) 28 అంగుళాలు. దాంతోపాటే బాణాన్ని మోసే రెస్ట్‌గా కుచ్చు రెస్ట్, అంటే బిస్కెట్ రకం, బిగించి ఇచ్చారు. మీతో ప్రాక్టీసు చేసేవాళ్లు "అది తీసేసి డ్రాప్ అవే పెట్టు" అంటున్నారు. డ్రాప్ అవే అంటే బాణం వదలగానే కిందికి తప్పుకునే రెస్ట్. అందులో మళ్లీ కేబుల్‌తో నడిచేదా, లింబ్‌తో, అంటే విల్లులో వంగే భాగంతో, నడిచేదా అన్నది మీకు తేలడం లేదు. సీజన్‌కి ఇంకా మూడు నెలలుంది. కొన్ని రోజులు మంచె మీద, కొన్ని రోజులు నేల మీద నడుస్తూ వేటాడతారు. 30 గజాలు దాటితే బాణం వదలరు. ఇంకొక ఇబ్బంది, ఫీల్డ్ పాయింట్లు, అంటే ప్రాక్టీసు మొనలు, ఒకచోట పడుతుంటే బ్రాడ్‌హెడ్‌లు, అంటే బ్లేడ్లున్న వేట మొనలు, వాటికి ఎడమవైపు నాలుగు అంగుళాల దూరంలో పడుతున్నాయి.

సూటిగా చెప్పేస్తాను. బాణాన్ని చుట్టూ మూసి ఉంచే డ్రాప్ అవే తీసుకోండి, అందులోనూ లింబ్‌తో నడిచేది. మూడు నెలల టైముంది కాబట్టే ఈ మాట అంటున్నాను. దాన్ని అమర్చుకోవడానికి, పరీక్షించుకోవడానికి రెండు మూడు వారాలు కేటాయించలేకపోతే మాత్రం ఇప్పుడున్న బిస్కెట్ తీయకండి. సరిగ్గా అమర్చని డ్రాప్ అవే కన్నా సరిగ్గా అమర్చిన బిస్కెట్ చాలా మేలు. 30 గజాల లోపు వేటకి ఆ బిస్కెట్ కచ్చితత్వం ధారాళంగా సరిపోతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట పట్టించుకోకండి.

రెస్ట్ ఎంచుకునేటప్పుడు అందరూ కచ్చితత్వం గురించే అడుగుతారు. వేటలో మొదట అడగాల్సింది అది కాదు. చేతులు చలికి బిగుసుకుపోయి, గుండె దడదడలాడుతూ, విల్లు వంకరగా పట్టుకుని ఉన్నప్పుడు కూడా బాణం దాని చోట ఉంటుందా? నేను ఈ పాఠం నేర్చుకున్న రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అప్పట్లో నా విల్లుకి పైన తెరిచి ఉండే డ్రాప్ అవే ఉండేది. రేంజ్‌లో దానితో ఏ ఇబ్బందీ రాలేదు. తెల్లవారుజామున మంచె మీద ఉన్నాను. దుప్పి ఒకటి పొదల్లోంచి వచ్చి 18 గజాల దూరంలో ఆగింది. పూర్తిగా లాగాను. అది తల తిప్పి నా వైపే చూసింది. ఒక నిమిషం అలాగే పట్టుకున్నాను, ఇక చేతులు ఓపలేక మెల్లగా నారిని ముందుకు తెచ్చాను. సగం దూరం వచ్చేసరికి లాంచర్, అంటే రెస్ట్‌లో బాణం కూర్చునే చీలిక, పడుకుంది, బాణం పక్కకి దొర్లింది, కార్బన్ గొట్టం రైజర్ (విల్లు మధ్య భాగం) లోహానికి తగిలి "టక్" మంది. పెద్ద చప్పుడేం కాదు, బల్ల మీద పెన్ను పడినంత. దుప్పి రెండు గెంతుల్లో మాయమైంది. ఆ తర్వాత పైన తెరిచి ఉండే రెస్ట్‌ని వేటకి తీసుకెళ్లలేదు.

అందుకే నా మొదటి షరతు చుట్టూ మూసి ఉండటం. విల్లుని పక్కకి వంచినా, తలకిందులు చేసినా, కొమ్మల మధ్య నుంచి తీసినా బాణం గూట్లోంచి బయటికి రాకూడదు. బిస్కెట్ ఈ విషయంలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది, అందుకే అది ఇన్నేళ్లుగా వేటగాళ్ల విల్లుల మీద నిలిచి ఉంది. ఇప్పుడొచ్చే మంచి డ్రాప్ అవేలలోనూ లాంచర్ పైన అడ్డంగా ఒక కడ్డీ వచ్చి బాణాన్ని లోపలే ఉంచుతుంది.

ఇక డ్రాప్ అవే అసలు ఎందుకు పుట్టిందో చూద్దాం. బాణం సూటిగా పోవాలంటే నారి దాన్ని తోస్తున్నంతసేపు కింద ఆధారం ఉండాలి. తోక దగ్గరుండే ఈకలు రెస్ట్ మీదుగా దాటే క్షణానికి ఆ ఆధారం అక్కడ ఉండకూడదు. ఈకలని నేను అంటున్నా అవి ఎక్కువగా ప్లాస్టిక్ వేన్సే. మీ విల్లు లాంటి దానికి లెక్క వేసి చూడండి. నారి బాణాన్ని తోసే దూరం దాదాపు 20 అంగుళాలు. బాణం సెకనుకి 270 అడుగుల వేగంతో బయలుదేరుతుందనుకుంటే, సున్నా నుంచి ఆ వేగానికి చేరే సగటు 135 అడుగులు. అంటే బాణం నారి మీద ఉండే కాలం సుమారు 12 మిల్లీసెకన్లు. సెకనులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. నారిని వదిలాక మూడు అంగుళాలు పోయేసరికే ఈకల ముందు అంచు రెస్ట్ దగ్గరికి వచ్చేస్తుంది. దానికి ఒక మిల్లీసెకను చాలు. లాంచర్ ఆ లోపలే పక్కకి తప్పుకోవాలి.

లాంచర్ దాని బరువుతో అదే కిందపడుతుందిలే అనుకుంటే పొరపాటే. ఏ వస్తువైనా అర అంగుళం ఊరికే జారిపడటానికి 50 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోగా బాణం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. అందుకే డ్రాప్ అవేని స్ప్రింగో, లింబ్ కదలికో బలవంతంగా కిందికి లాగాలి. మంచి రెస్ట్‌కీ నాసిరకం దానికీ అసలు తేడా ఇక్కడే. లాంచర్ వేగంగా పడాలి, పడ్డాక మళ్లీ పైకి ఎగరకూడదు. ఎగిరి వచ్చిన లాంచర్ ఈకల్ని కింద నుంచి కొడితే బాణం తోక ఊగుతూ పోతుంది. ఫీల్డ్ పాయింట్ ఉన్నప్పుడు ఆ ఊగుడు పెద్దగా కనిపించదు. బ్రాడ్‌హెడ్ పెట్టగానే బయటపడుతుంది, ఎందుకంటే ముందున్న బ్లేడ్లు కూడా గాలిలో రెక్కల్లాగే పనిచేసి బాణాన్ని వాటి దారిన తిప్పుతాయి.

బిస్కెట్ దారి వేరు. అది ఎక్కడికీ కదలదు. గట్టి కుచ్చుల మధ్య ఉన్న చిన్న రంధ్రంలో బాణం కూర్చుంటుంది, ఈకలు ఆ కుచ్చుల్ని తోసుకుంటూ పోతాయి. కదిలే భాగం లేదు, కట్టాల్సిన తాడు లేదు. ఆ రాపిడికి వేగం కొద్దిగా తగ్గుతుంది, కానీ 30 గజాల్లో అది మీకు తెలియనే తెలియదు. అసలు సమస్య ఈకలది. పొడుగ్గా, మెత్తగా ఉన్నవి ముడతలు పడతాయి, కొన్ని అంచులు లేచిపోతాయి. నిజమైన పక్షి ఈకలు కట్టిన బాణాలైతే బిస్కెట్ జోలికి పోకూడదు. రెండు అంగుళాల పొట్టి, బిరుసు వేన్స్ దానికి బాగా సరిపోతాయి. మూడు ఈకల బాణమైతే ఒక ఈక నిటారుగా పైకి ఉండేలా నాక్, అంటే నారికి తగిలించే బాణం తోక ముక్క, తిప్పుకోండి. బిస్కెట్లు బాణం లావుని బట్టి రకరకాల సైజుల్లో వస్తాయి. సన్నటి బాణాన్ని పెద్ద రంధ్రంలో పెడితే అది లోపల ఆడుతుంది, అప్పుడు తప్పు రెస్ట్‌ది అనుకుంటాం. విస్కర్ బిస్కెట్ అన్నది ట్రోఫీ రిడ్జ్ కంపెనీ అమ్మే సరుకు పేరు, కానీ జనం వాడుకలో ఆ రకం మొత్తానికీ అదే పేరైపోయింది.

టార్గెట్ షూటర్లు వాడే పలుచని స్టీల్ బ్లేడ్ రెస్ట్ గురించి ఎవరైనా చెబితే వినండి, వేటకి మాత్రం వద్దు. అది బాణాన్ని పట్టుకోదు, కేవలం మోస్తుంది.

ఇప్పుడు మీ అసలు సందేహం, కేబుల్‌తో నడిచేదా, లింబ్‌తో నడిచేదా అన్నది.

కేబుల్ రకంలో రెస్ట్ నుంచి వచ్చే సన్నటి తాడుని, నారి లాగినప్పుడు కిందికి కదిలే కేబుల్‌కి కడతారు. మీరు లాగుతుంటే ఆ కేబుల్ తాడుని లాగుతుంది, లాంచర్ లేస్తుంది. వదిలితే తాడు వదులై స్ప్రింగ్ లాంచర్‌ని పడేస్తుంది. ఈ రకంలో ఒక మంచి మెరుగు ఉంది. క్యూఏడీ కంపెనీ వాళ్ల అల్ట్రారెస్ట్ లాంటి వాటిలో లాంచర్‌ని బొటనవేలితో పైకెత్తి నిలబెట్టేస్తారు. బాణం వదిలినప్పుడు వచ్చే వేగానికే అది పడుతుంది. మెల్లగా నారి ముందుకు తెచ్చినా పైనే నిలబడి ఉంటుంది. మంచె మీద నాకు జరిగింది ఈ రెస్ట్ ఉంటే జరిగేది కాదు.

లింబ్ రకంలో తాడు లింబ్‌కి కడతారు, పని తిరగబడి ఉంటుంది. విల్లు ఊరికే ఉన్నప్పుడు తాడు బిగుతుగా ఉండి లాంచర్‌ని కిందికి పట్టి ఉంచుతుంది. మీరు నారి లాగగానే లింబ్ వంగుతుంది, తాడు వదులవుతుంది, లోపలి స్ప్రింగ్ లాంచర్‌ని మొదటి కొద్ది అంగుళాల్లోనే పైకి లేపేస్తుంది. వదిలినప్పుడు లింబ్ దాని చోటికి తిరిగి వచ్చి తాడుని ఒక్కసారిగా లాగి లాంచర్‌ని కొట్టినట్టు కిందికి దించుతుంది. దీనివల్ల బాణానికి ఎక్కువ దూరం ఆధారం దొరుకుతుంది. చేయి కొంచెం అటూ ఇటూ అయినా బాణం మీద దాని ప్రభావం తక్కువ. హామ్‌స్కీ, వేపర్ ట్రెయిల్ రెస్ట్‌లకి పేరొచ్చింది ఈ పద్ధతితోనే. కొన్నిటిని రెండు రకాలుగానూ కట్టుకోవచ్చు.

నేను లింబ్ రకం వైపు మొగ్గడానికి మూలకారణం ఇంకోటి ఉంది. ఏ వస్తువైనా ఏదో ఒక రోజు పాడవుతుంది. పాడైనప్పుడు ఎలా పాడవుతుంది అన్నది ముందే ఆలోచించాలి. సాధారణ కేబుల్ రెస్ట్‌లో తాడు తెగినా జారినా లాంచర్ లేవదు. బాణం కిందే పడి ఉంటుంది, ఆ రోజుకి వేట అయిపోయినట్టే. లింబ్ రెస్ట్‌లో తాడు తెగితే లాంచర్ పైనే ఉండిపోతుంది. ఈకలు దానికి తగలొచ్చు, బాణం అంత శుభ్రంగా పోదు, కానీ కనీసం దారిలో ఉంటుంది. అడవిలో ఇది చిన్న తేడా కాదు.

రెండో కారణం, మీరే సొంతంగా కట్టుకోవచ్చు. కేబుల్ పోగుల మధ్యకి తాడు దూర్చి కట్టాలంటే విల్లుని నొక్కి పట్టే బో ప్రెస్ కావాలి. క్లాంప్‌తో బిగించేవీ ఉన్నాయి, వాటికి ప్రెస్ అక్కర్లేదు, కానీ క్లాంప్ జారే ప్రమాదం ఉంటుంది. లింబ్‌కి కట్టడానికి అలెన్ కీ, లైటర్, కాస్త ఓపిక చాలు. లోపం ఏమిటంటే ఆ తాడు రైజర్ పొడవునా బయటికి కనిపిస్తూ ఉంటుంది. మీరు నేల మీద నడుస్తూ కూడా వేటాడతారన్నారు కదా, ముళ్ల కొమ్మలు దాన్ని పట్టుకోవచ్చు. తాడుని రైజర్‌కి వీలైనంత దగ్గరగా పోనివ్వండి. పొదలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ వేలితో తాడుని ఒకసారి తడిమి చూసుకోండి, రెండు సెకన్ల పని.

క్లాంప్ జారడం గురించి చెప్పాను కదా, అది నాకు ఎదురైందే. ఒక షాపులో కేబుల్ రెస్ట్ బిగించి ఇచ్చారు, మొదటి వారం బాణాలన్నీ ఒకదాన్ని ఒకటి తాకుతూ పడ్డాయి. మూడో వారానికి 20 గజాల్లోనే గుంపు అరచేయంత వెడల్పైంది. గ్రిప్ మార్చాను, నారి వదిలే రిలీజ్ మార్చాను, నిద్రపోయేటప్పుడు కూడా అదే టెన్షన్. చివరికి ఒక సాయంత్రం ఈకల అంచులకి లిప్‌స్టిక్ రాసి ఒక బాణం వేశాను. లాంచర్ ఎడమ చీలిక మీద, లోపలి వైపు, గోరంత ఎర్రటి గీత కనిపించింది. క్లాంప్ కేబుల్ మీద రెండు మిల్లీమీటర్లు కూడా జరగలేదు, అంత చిన్న జారుడికే లాంచర్ టైమింగ్ తప్పింది. అప్పటి నుంచి క్లాంప్‌కి పైనా కిందా సర్వింగ్ దారంతో (నారి మీద చుట్టే దారం) నాలుగైదు చుట్లు గట్టిగా ముడివేస్తున్నాను. మీరు చివరికి కేబుల్ రకమే తీసుకున్నా ఈ పని మాత్రం తప్పకుండా చేయండి.

టైమింగ్ అంటే ఇదే. కేబుల్ రెస్ట్‌లో లాంచర్ మీ డ్రా చివరి ఒకటి రెండు అంగుళాల్లో పూర్తిగా లేచి నిలబడాలి. అంతకంటే ముందే లేస్తే తాడు మరీ బిగుతుగా కట్టారని అర్థం. అలాంటి రెస్ట్ వదిలినప్పుడు ఆలస్యంగా పడి ఈకలకి తగులుతుంది, పైగా కేబుల్ మీద అనవసరమైన లాగుడు పెడుతుంది. తాడు వదులైతే పూర్తిగా లాగినా లాంచర్ అరకొరగా లేస్తుంది. మీరు డ్రా చేస్తుంటే పక్కన ఒకరు నిలబడి లాంచర్‌ని చూస్తే వెంటనే తెలిసిపోతుంది. బాణం పెట్టకుండా నారి లాగకండి, ఎప్పుడూ టార్గెట్ వైపు తిరిగే లాగండి. ఖాళీ నారి చేయి జారితే విల్లు ముక్కలవ్వొచ్చు, పక్కనున్న మనిషికీ దెబ్బ తగలొచ్చు. లింబ్ రెస్ట్‌లో చూడాల్సింది రెండే. విల్లు ఊరికే ఉన్నప్పుడు లాంచర్ పూర్తిగా కిందికి దిగి ఉండాలి, నారి కొద్దిగా లాగగానే లేవడం మొదలుపెట్టాలి. కొత్త నారి, కొత్త కేబుళ్లు మొదటి వంద బాణాల్లో కొంచెం సాగుతాయి, కాబట్టి వంద బాణాలయ్యాక ఏ రకం రెస్ట్ అయినా టైమింగ్ మళ్లీ చూడాలి.

ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూడమని చాలామంది సలహా ఇస్తారు. సెకనుకి 240 ఫ్రేముల్లో తీస్తే ఒక్కో ఫ్రేముకి నాలుగు మిల్లీసెకన్లు. బాణం నారి మీద ఉన్నంతసేపటికీ మీకు దొరికేవి మూడు ఫ్రేములు. ఈకలు తగిలాయో లేదో అందులో కనిపించదు. లాంచర్ పడ్డాక మళ్లీ ఎగిరిందా అన్నది మాత్రం చక్కగా తెలుస్తుంది. తగలడం చూడాలంటే లిప్‌స్టిక్, లేదా పాదాలకి చల్లుకునే పౌడర్ స్ప్రే, వీటిని మించినవి లేవు. స్ప్రే అయితే ఈకల మీద, రెస్ట్ మీద, రైజర్ షెల్ఫ్ (బాణం కిందుండే అర) మీద పలుచగా కొట్టి ఒక బాణం వేయండి. ఎక్కడ తుడుచుకుపోతే అక్కడ తగులుతున్నట్టు. నాక్‌ని కొంచెం తిప్పి మళ్లీ వేయండి, చాలాసార్లు దానితోనే సర్దుకుంటుంది.

కొనేముందు మీ విల్లు రైజర్ వెనుక భాగం చూడండి. దాదాపు అన్ని కాంపౌండ్ విల్లులకీ రెస్ట్ బిగించే రంధ్రం ఉంటుంది, దాన్ని బెర్గర్ హోల్ అంటారు, 5/16 అంగుళం బోల్టు పడుతుంది. ఈమధ్య వచ్చిన చాలా విల్లులకి దానితోపాటు వెనుక వైపు ఒక గాడి కూడా ఉంటోంది, రెస్ట్ ఆ గాడిలో జారి కూర్చుంటుంది. క్యూఏడీ తెచ్చిన ఇంటిగ్రేట్ పద్ధతి ఇదే. మీ విల్లుకి ఆ గాడి ఉంటే దానికి సరిపోయే రెస్టే తీసుకోండి. ఒకే బోల్టు మీద నిలబడే రెస్ట్ ఎప్పుడో ఒకప్పుడు తిరగొచ్చు, గాడిలో కూర్చున్నది తిరగదు. కుడిచేతి, ఎడమచేతి మోడళ్లు వేరువేరుగా ఉంటాయన్నది మర్చిపోకండి. మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉన్నది తీసుకుంటే మంచిది. లేకపోతే స్క్రూ వదులు చేసి చేత్తో జరపాలి, ఒక వెంట్రుక జరపాలనుకుంటే ఒక వేలు జరుగుతుంది.

బిగించేటప్పుడు మొదటి కొలతలు ఇలా పెట్టుకోండి. బాణాన్ని నారికి పెట్టి పక్క నుంచి చూస్తే గొట్టం బెర్గర్ హోల్ మధ్యగా పోవాలి, నారికి లంబంగా ఉండాలి, లేదంటే తోక ఎనిమిదో వంతు అంగుళం ఎత్తులో ఉండవచ్చు. రైజర్ లోపలి గోడ నుంచి బాణం మధ్య వరకు 13/16 అంగుళం, అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు, చాలా విల్లులకి మంచి మొదలు. విల్లు తయారుచేసిన కంపెనీ వేరే కొలత ఇచ్చి ఉంటే దాన్నే పెట్టుకోండి. తర్వాత ఆరడుగుల దూరం నుంచి కాగితం గుండా బాణం వేసి చిరుగు చూడండి. తోక చిరుగు పైకి ఉంటే రెస్ట్‌ని కొంచెం పైకి లేపాలి, లేదా నాకింగ్ పాయింట్, అంటే నారి మీద నాక్ తగిలించే చోటు, కిందికి దించాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

ఇక మీ బ్రాడ్‌హెడ్‌ల సంగతి. ఎడమకి నాలుగు అంగుళాలు అంటే కంగారుపడాల్సింది కాదు. గురి చూసే సైట్ ముట్టుకోకండి, అందరూ చేసే తప్పు అదే. ముందు లిప్‌స్టిక్ పరీక్ష చేసి ఈకలు తగలడం లేదని నిర్ధారించుకోండి. గ్రిప్‌ని గట్టిగా పిడికిలితో పట్టుకుంటున్నారేమో చూడండి, మణికట్టు మెలితిరిగినా బాణాలు పక్కకే పోతాయి. ఈ రెండూ బాగున్నాయంటే రెస్ట్‌ని జరపాలి. సూత్రం తేలికే, బ్రాడ్‌హెడ్‌లు ఎటు రావాలో రెస్ట్‌ని అటు జరపండి. మీవి ఎడమకి పడుతున్నాయి కాబట్టి రెస్ట్ కుడికి, ఒకసారికి 1/32 అంగుళం, అంటే ఒక మిల్లీమీటరు కూడా కాదు. మళ్లీ మూడు ఫీల్డ్ పాయింట్లు, మూడు బ్రాడ్‌హెడ్‌లు, 20 గజాల్లో. దగ్గరైతే 30 గజాలకి వెళ్లండి. రెండు గుంపులూ కలిశాక అప్పుడు సైట్ సరిచేసుకోండి. ఎంత జరిపినా కలవకపోతే బాణం బిరుసు, అంటే స్పైన్, మీ విల్లు బలానికి సరిపోవడం లేదేమో చూడాలి. తప్పు స్పైన్ ఉన్న బాణాన్ని ఏ రెస్టూ బాగుచేయలేదు. బ్రాడ్‌హెడ్ వేసేటప్పుడు పూర్తిగా లాగిన స్థితిలో బ్లేడ్లు రైజర్‌కి ముందే ఉండాలి. బాణం మరీ పొట్టిగా ఉంటే అవి రెస్ట్ కడ్డీని, మీ వేళ్లని కోస్తాయి.

కొన్నాళ్లు వాడాక రెస్ట్‌కి వచ్చే ఇబ్బందులు చాలావరకు చప్పుడు, తేమ, వదులైన స్క్రూలు. లాంచర్ మీద అంటించే మెత్తటి గుడ్డ అరిగితే కార్బన్ బాణం లాగేటప్పుడు "సర్ర్" మని పాములా చప్పుడు చేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న ఉదయం ఆ చప్పుడు జింకకి 20 గజాల్లో వినిపిస్తుంది. గుడ్డ అరిగేలోపే మార్చండి, రైజర్ షెల్ఫ్ మీద కూడా ఒక ముక్క అంటించండి, లింబ్ రెస్ట్‌లో బాణం ఊరికే ఉన్నప్పుడు ఎక్కువగా అక్కడికే దిగి ఉంటుంది. మంచు పడే చోట తడిసిన బిస్కెట్ కుచ్చులు గడ్డకట్టి ముళ్లలా అవుతాయి, బాణం పెట్టేముందు వేళ్లతో విదిలించుకోవాలి. డ్రాప్ అవేలో నీళ్లు ఇరుసులోకి చేరి గడ్డకడితే లాంచర్ నెమ్మదిస్తుంది. అందులో నూనె పోయకండి, దుమ్ము పట్టి ఇంకా మొరాయిస్తుంది. పొడి లూబ్రికెంట్ చాలు.

స్క్రూలకి నేను చేసేది ఒకటే. రెస్ట్ పూర్తిగా సెట్ అయ్యాక ప్రతి స్క్రూ తల మీద నుంచి రెస్ట్ బాడీ మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీస్తాను. తాడు ముడి దగ్గర లింబ్ మీద కూడా ఒక గీత. మంచె ఎక్కేముందు టార్చ్ వెలుగులో ఒక్క చూపు చూస్తే చాలు, గీత విరిగి ఉంటే ఏదో కదిలిందని తెలుస్తుంది. ఆ ఉదయం 20 గజాల్లో ఒక బాణం వేసి చూడకుండా నేను విల్లుని అడవిలోకి తీసుకెళ్లను.

వేటకి అనుమతి ఉన్న చోట, లైసెన్సుతోనే వేటాడుతున్నారని అనుకుంటున్నాను. తగిలిన జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చచ్చిపోవడం కంటే బాధ కలిగించేది ఈ పనిలో ఇంకొకటి లేదు. అందుకే రెస్ట్ విషయంలో ఇంత విసిగిస్తున్నాను.

మీ విల్లు ఏ మోడలో, రైజర్ వెనుక గాడి ఉందో లేదో, బాణం బయటి వ్యాసం ఎంతో రాయండి. లిప్‌స్టిక్ పరీక్ష చేసి ఎక్కడ గీత పడిందో కూడా చెప్పండి. ఇవన్నీ తెలిస్తే మీ విల్లుకి తాడు ఎక్కడ కట్టాలో, ఎంత బిగువుతో కట్టాలో వివరంగా చెబుతాను.